కొల్లేటికి దారి వదులుదాం



కృష్ణమ్మ ఒకవైపు, గోదారమ్మ మరోవైపు వేల ఏళ్లుగా ఒండ్రు పోస్తూ డెల్టాలు కట్టుకుంటే, మధ్యలో మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదను పట్టి ఉంచి, ఉప్పుటేరు మీదుగా నెమ్మదిగా సముద్రానికి పంపడం దాని పని.

ఈ నీటికి పాత చరిత్ర ఉంది. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనం చాళుక్య రాజు రెండో పులకేశి యుద్ధాన్ని చెబుతూ, నెత్తుటితో ఎర్రబడిన కునాల సరస్సును వర్ణించింది. అది మన కొల్లేరేనని చాలామంది చరిత్రకారుల మాట. సరస్సు నడుమ కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ ఇప్పటికీ పూజలందుకుంటోంది.

చలికాలంలో ఉత్తరాన మధ్య ఆసియా స్టెప్పీ మైదానాల చెరువులు గడ్డకడితే, అక్కడి సూదితోక బాతులు హిమాలయాలు దాటి మన దేశపు చిత్తడి నేలలకు దిగుతాయి. కొల్లేరు వాటికి విడిది. కొల్లేటి పక్కనే ఉన్న ఆటపాకలోనైతే గూడకొంగలు చెట్ల మీద గుంపులుగా గూళ్లు కడతాయి. ఎంత చూసినా తనివి తీరదు!

1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. అయినా చేపల చెరువుల గట్లు సరస్సును కోసేశాయి. 2006లో చాలా గట్లను ప్రభుత్వం కొట్టించింది, కానీ ఆక్రమణలు మళ్లీ తలెత్తాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మునిగింది. ఆ బుడమేరు చేరేది కొల్లేటికే. విజయవాడ వాసులారా, బుడమేరు గట్టును, కొల్లేటి పల్లాన్ని ఆక్రమించవద్దు, ఆక్రమించేవారిని సమర్థించవద్దు.