శ్రవణం ఎంతవరకు? సీఏ చదువులో తరగతి గది స్థానం

ఛార్టర్డ్ అకౌంటెన్సీ వంటి వృత్తి పరీక్షకు కళాశాల తరగతులు ఉపకరిస్తాయా అన్న ప్రశ్న పైకి కాలానికీ ఖర్చుకూ సంబంధించినదిగా కనిపిస్తుంది. దాని అడుగున మరో ప్రశ్న ఉంది: ఒకరు చెప్పగా విన్న మాట విన్నవారిలో జ్ఞానంగా మారుతుందా, మారితే ఎంతవరకు? భారతీయ తత్త్వచింతన దీన్ని శతాబ్దాలుగా చర్చించింది. చిత్తూరు జిల్లా ఐరాల మండలం వంటి చోట్ల నుంచి వచ్చే విద్యార్థికి ఈ చర్చ బతుకుదెరువుతో ముడిపడినది. ఇంటర్మీడియట్‌లో ఎంఈసీయో సీఈసీయో ముగిశాక మూడు దారులు కనిపిస్తాయి: చిత్తూరులోనో తిరుపతిలోనో బీకాంలో చేరి దానితోపాటు సీఏ చదవడం, డిగ్రీని పక్కనపెట్టి గుంటూరు, విజయవాడ వంటి ఊళ్లలో కోచింగ్‌లో చేరడం, ఇంటివద్ద సొంతంగా చదువుకోవడం.

ముందుగా పరీక్ష స్వరూపం తెలియాలి. భారత ఛార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ పార్లమెంటు చేసిన చట్టం ద్వారా 1949 జులై 1న ఏర్పడింది. ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్ అని దాని పరీక్షలు మూడు మెట్లు. ప్రతి పేపరులో కనీసం 40 శాతం, మొత్తం మీద కనీసం 50 శాతం మార్కులు రావాలి. 2023 జులైలో అమలులోకి వచ్చిన కొత్త విధానంలో ఇంటర్‌కు ఆరు పేపర్లు, ఫైనల్‌కు ఆరు పేపర్లు; ఆర్టికల్‌షిప్ అనే పని శిక్షణ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. ఈ ఏర్పాటులో గమనించవలసిన అంశం ఒకటుంది. పేపర్లకు సంబంధించిన పాఠాలు ఎక్కడ విన్నావు, అసలు విన్నావా అని సంస్థ అభ్యర్థిని అడగదు. అనుభవజ్ఞుడైన ఆడిటర్ దగ్గర పనిచేయడాన్ని మాత్రం తప్పనిసరి చేసింది. వినడం అభ్యర్థి ఇష్టానికి వదిలి, చేయడాన్ని నియమంగా పెట్టడంలోనే విద్య గురించి ఒక తీర్పు దాగి ఉంది.

ఆ సంస్థ చిహ్నంపై ఉన్న గరుడునికీ కింద ఉన్న ధ్యేయవాక్యానికీ మూలం శ్రీ అరవిందులు. ఆ వాక్యం కఠోపనిషత్తులోది. లోకమంతా నిద్రలో ఉన్నప్పుడు మేలుకొని ఉండేవాడిని గురించి చెబుతుంది. శ్రవణం విలువ గురించి రెండు వైపులా మాట్లాడినది కూడా ఈ ఉపనిషత్తే. ఆత్మ ప్రవచనాల వల్ల గానీ, మేధ వల్ల గానీ, ఎంతో వినడం వల్ల గానీ లభించేది కాదని ఒకచోట అంటుంది. లేవండి, మేలుకోండి, ఉత్తములైన ఆచార్యులను ఆశ్రయించి తెలుసుకోండి అని మరోచోట చెబుతుంది. నచికేతుడు యముని ముందు కూర్చుని విన్నాడు, అయితే దానికి ముందు మూడు రాత్రులు వాకిట ఉపవాసంతో ఎదురుచూశాడు. అడగవలసిన ప్రశ్న అతడిలో అప్పటికే గట్టిపడి ఉంది. గురువు మాట పనిచేసేది ఆ సిద్ధత ఉన్న చోటనే అన్నది ఈ రెండు బోధలనూ కలిపే సూత్రం.

బృహదారణ్యకం ఈ క్రమాన్ని శ్రవణం, మననం, నిదిధ్యాసనం అని మూడుగా చెప్పింది: వినాలి, తర్కించుకోవాలి, దానిలోనే నిలిచి ఉండాలి. వీటిలో ఏది ప్రధానం అన్న విషయంలో అద్వైతులలోనే రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ప్రకాశాత్ముని వివరణ గ్రంథాన్ని అనుసరించే వారికి శ్రవణమే ప్రధానం, తక్కిన రెండూ దానికి తోడ్పడే అంగాలు. వాచస్పతి మిశ్రుని భామతిని అనుసరించే వారి దృష్టిలో మననంతో, నిదిధ్యాసనంతో పదునెక్కిన మనసే జ్ఞానసాధనం. విన్న మాట ఒక్కటే సాక్షాత్కారాన్ని ఇవ్వలేదు. మొదటి పక్షం తరచు చూపే ఉదాహరణ పదోవాడి కథ. పదిమంది నది దాటి, అందరూ చేరారా అని లెక్కపెట్టుకుంటారు. ఎవరు లెక్కించినా తనను వదిలేసి తొమ్మిదే అంటారు, ఒకడు మునిగిపోయాడని ఏడుస్తారు. దారినపోయే మనిషి ఒకడు ఆగి, పదోవాడివి నువ్వే అని చెప్పగానే దుఃఖం తీరిపోతుంది. అక్కడ ధ్యానంతో పని లేదు, సాధనతో పని లేదు. ఒక్క మాట చాలింది.

ఆ కథ లెక్కల తప్పు గురించినదే కావడం అకౌంటెన్సీ విద్యార్థికి ఉపయోగపడుతుంది. ఈ శాస్త్రంలో కొన్ని సందేహాలు అటువంటివే. తరుగుదల ఖర్చే గదా, నగదు ప్రవాహ పట్టికలో దాన్ని లాభానికి తిరిగి ఎందుకు కలుపుతారు? అనుబంధ కంపెనీని మాతృ కంపెనీ లెక్కల్లో కలిపేటప్పుడు వాటి మధ్య జరిగిన అమ్మకాలను ఎందుకు కొట్టివేస్తారు? పుస్తకంలో పదిసార్లు చదివినా విడిపోని ముడిని తెలిసిన ఉపాధ్యాయుడు రెండు వాక్యాల్లో విప్పగలడు. పొరపాటు అవగాహనలో ఉన్నప్పుడు మాట చాలు. ఇక్కడ వివరణ పక్షం చెప్పింది నిజం. పరీక్ష అడిగేది మాత్రం అంతటితో ఆగదు. మూడు గంటల్లో కొత్త సమస్యను చదివి, ఏ ప్రమాణం వర్తిస్తుందో గుర్తించి, లెక్కకట్టి, కారణంతో సహా రాయాలి. ఆ చురుకు ఎవరో చేసి చూపితే రాదు, తానుగా చేయగా చేయగా చేతికి వస్తుంది. ఇక్కడ భామతి పక్షానికి బలం చేకూరుతుంది. తరగతి సాయపడుతుందా అని మొత్తంగా అడిగితే జవాబు దొరకకపోవడానికి కారణం ఇదే. ప్రతి పేపరులో, ప్రతి అధ్యాయంలో తనకు కొరత అవగాహనలోనా, అభ్యాసంలోనా అని విడదీసి అడగాలి.

ఐరాల వంటి గ్రామీణ ప్రాంతాల విద్యార్థుల విషయంలో శ్రవణానికి అదనపు విలువ ఉంది. సీఏ పరీక్ష ఇంగ్లిషులో గానీ హిందీలో గానీ రాయాలి, తెలుగులో రాసే వీలు లేదు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన వారికి ఒప్పందాల చట్టంలోనో ఆడిట్ ప్రమాణాల్లోనో ఒక్కో వాక్యం రెండు కష్టాలు పెడుతుంది: భాష ఒకటి, భావం ఒకటి. భావాన్ని ముందు తెలుగులో విప్పి, తరువాత అదే విషయాన్ని ఇంగ్లిషులో రాయించే అధ్యాపకుడు దొరికితే ఆ రెండు కష్టాలూ విడివిడిగా తీరతాయి. సంస్థ విద్యా విభాగం ఇచ్చే స్టడీ మెటీరియల్, రివిజన్ పేపర్లు, మాక్ టెస్టులు, ఉచిత ఆన్‌లైన్ పాఠాలు పల్లెలో ఉన్నవారికీ అందుతున్నాయి కాబట్టి సమాచారం కోసమే ఊరు విడవాల్సిన అవసరం తగ్గింది. ఎదురుగా కూర్చుని సందేహం అడిగి, తప్పు దిద్దించుకునే అవకాశానికి మాత్రం అవి పూర్తి ప్రత్యామ్నాయం కావు.

కళాశాల తరగతికి ఉన్న పరిమితులూ స్పష్టమే. బీకాం పాఠ్యప్రణాళిక లక్ష్యం వాణిజ్యశాస్త్రంలో సాధారణ పట్టా, వృత్తి అనుమతి కాదు. అకౌంట్స్, కాస్టింగ్, ఆదాయపన్ను, కంపెనీ చట్టం రెండింటిలో ఉన్నా లోతులో చాలా తేడా ఉంటుంది. పైగా చట్టాలు మారుతుంటాయి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. 1961 నాటి ఆదాయపన్ను చట్టం స్థానంలో 2025లో చేసిన కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. పాత నోట్సుతో సాగే తరగతిలో మనసుపెట్టి విన్నవాడు కూడా పరీక్ష హాల్లో చెల్లని సెక్షన్‌ను రాసే ప్రమాదం ఉంది.

జ్ఞానం ఇవ్వకపోయినా కళాశాల ఇచ్చేది ఇంకొకటి ఉంది, అది అర్హత. బీకాంలో 55 శాతం, ఇతర డిగ్రీలలో 60 శాతం మార్కులు వచ్చినవారు ఫౌండేషన్ రాయకుండా నేరుగా సీఏ ఇంటర్‌లో నమోదు కావచ్చు. అమెరికాలో సీపీఏ లైసెన్సు కోరే తెలుగువారికి ఈ అంశం ఇంకా బరువైనది. అక్కడ చాలా రాష్ట్రాలు దీర్ఘకాలంగా 150 క్రెడిట్ గంటల కళాశాల చదువును షరతుగా పెట్టాయి. ఇటీవల కొన్ని రాష్ట్రాలు అదనపు అనుభవాన్ని దానికి ప్రత్యామ్నాయంగా అంగీకరించాయి. వేదాంతం కూడా అధికారినీ జ్ఞానినీ వేరుగానే చూస్తుంది. సాధన చతుష్టయం అనే నాలుగు యోగ్యతలు ఉన్నవాడు విచారణకు అర్హుడు, అంతమాత్రాన తెలిసినవాడు కాడు. తరగతి గదిలో గడిపిన గంటలు తలుపు దగ్గరికి చేర్చగలవు. లోపల అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పవలసింది విద్యార్థే.

గురువు మాటకు ఎంత విలువ ఇవ్వాలన్న విషయంలో పాత చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి అందరికన్నా తీవ్రంగా మాట్లాడారు. తన కోసం ఏర్పడిన ఆధ్యాత్మిక సంస్థను 1929లో రద్దు చేసి, సత్యాన్ని చేరడానికి ఎవరి అధికారమూ అక్కరకు రాదని ప్రకటించారు. ఆయన మాటలను ఆధారం చేసుకుని ఉపాధ్యాయుడే వద్దనుకోవడం పొరపాటు. సాంకేతిక విషయాలలో కూడబెట్టిన జ్ఞానం అవసరమేనని, దాన్ని నేర్పవలసిందేనని కూడా ఆయనే పదేపదే చెప్పారు. మనసు తన్ను తాను చూసుకునే చోట మాత్రమే ఇతరుల అధికారాన్ని నిరాకరించారు. సెక్షన్లు, ప్రమాణాలు, పద్ధతులు ఇతరుల దగ్గర నేర్చుకోదగ్గవి. నేర్చుకున్నది నిజంగా తనకు అర్థమైందా అన్నది ఎవరికి వారు చూసుకోవలసినది.

విద్య రాకను నాలుగు పాదాలుగా పంచిన సంస్కృత సుభాషితం ఈ చర్చకు మంచి కొలమానం. ఒక పాదం ఆచార్యుని వల్ల, ఒక పాదం సొంత మేధ వల్ల, ఒక పాదం తోటి విద్యార్థుల వల్ల, ఒక పాదం కాలక్రమంలో వస్తుందని దాని భావం. సీఏ చదువులో ఈ నాలుగూ కళ్లకు కడతాయి. తరగతి మొదటిది, ఒంటరిగా కూర్చుని చేసే లెక్కలు రెండోది, ఒకరి జవాబును ఒకరు దిద్దుకునే మిత్రబృందం మూడోది, ఆర్టికల్‌షిప్ రెండేళ్లు నాలుగోది. ఏ పాదం లోపిస్తే దాన్నే వెతకాలి. ఇంటర్‌లో కామర్స్ ముఖం చూడని ఎంపీసీ విద్యార్థికి తరగతి లేకుండా మొదలుపెట్టడం కష్టం. డిగ్రీలో పునాది గట్టిపడినవాడు రోజుకు ఆరు గంటల పాఠాలు విని రాసే సమయాన్ని పోగొట్టుకుంటే అది నష్టమే.

చివరగా, ఈ సీఏ లైసెన్సు దేనికోసం అన్నది చూడాలి. కంపెనీ ఆర్థిక నివేదికలు దాని స్థితిని నిజంగా, సముచితంగా చూపుతున్నాయా అన్నదానిపై ఆడిటర్ సంతకంతో అభిప్రాయం చెబుతాడు. ముక్కూమొహం తెలియని వాటాదారులు, బ్యాంకులు ఆ సంతకాన్ని నమ్ముతారు. ఐరాల మండలంలోనే ఉన్న కాణిపాకం వరసిద్ధి వినాయకుని సన్నిధి సత్యప్రమాణాలకు పేరుపొందింది. కోనేటిలో మునిగి స్వామి ఎదుట ప్రమాణం చేస్తే ఆ మాటను జనం నమ్ముతారు. ఆలయం పక్కన పారే బాహుదా నదికి మహాభారతం శాంతిపర్వంలోని శంఖలిఖితుల కథ ముడిపడి ఉంది. అన్న శంఖుని తోటలో అడగకుండా పండు తిన్న లిఖితుడు, అది దొంగతనమేనని అన్న చెప్పగా, రాజు దగ్గరికి తానే వెళ్లి శిక్ష అడిగాడు. చేతులు పోగొట్టుకుని, బాహుదలో స్నానంతో తిరిగి పొందాడు. ధర్మశాస్త్రకర్తగా పేరున్న లిఖితునికి ధర్మం తెలియక కాదు. తెలిసినది ఆ క్షణంలో నడతగా మారలేదు. మారవలసినంత మారాక శిక్ష కోరే ధైర్యం వచ్చింది.

విని తెలుసుకోవడం, తర్కించి నిశ్చయించుకోవడం, నడతలో నిలబెట్టుకోవడం అన్న మూడు మెట్లలో కళాశాల తరగతి మొదటిదాన్ని బాగా ఇవ్వగలదు, రెండోదాన్ని రేకెత్తించగలదు, మూడోదానికి సాక్షిగా మాత్రమే ఉండగలదు. అందువల్ల తరగతిలో చేరాలా వద్దా అన్నది విద్యార్థి తనను తాను పరీక్షించుకుని తేల్చుకోవలసిన విషయం. ఒక అధ్యాయం చదివి, పుస్తకం మూసి, పాత ప్రశ్నపత్రంలోని సమస్యను గడియారం పెట్టుకుని చేయాలి. దారే తోచకపోతే ఉపాధ్యాయుడు కావాలి. దారి తెలిసి చేయి ఆడకపోతే అభ్యాసం కావాలి. రెండూ కుదిరి, ఎక్కడ ఏది వర్తిస్తుందో తేల్చుకోలేకపోతే అనుభవం కావాలి. ఈ మూడింటిలో తనకు లోపించినది ఏదో నిజాయితీగా ఒప్పుకోవడం రేపు ఇతరుల లెక్కల గురించి నిజం చెప్పవలసిన వృత్తికి తొలి శిక్షణ.