బడిని చూచు కన్ను

ఇచ్చోడ పత్తి, సోయా, కంది పండించు ఆదిలాబాదు పల్లెల నడుమనున్న మండల కేంద్రము. బిడ్డను ఏ బడికి పంపవలెనన్న ప్రశ్న వచ్చినపుడు, ఇచటి తల్లిదండ్రుల చూపు మొదట బస్సు మీదను, టై మీదను, ఆంగ్లపు మాటల మీదను పడుట సహజము. దానిని తప్పనరాదు. చేనిలో తాము పడిన కష్టము బిడ్డకు రాకూడదన్న ఆరాటమే దానికి మూలము. అయినను బడిని కొలుచుటకు ఆ చూపు చాలునా?

ఛాందోగ్యోపనిషత్తున శ్వేతకేతువు 12 ఏండ్లు గురుకులమున చదివి, 24వ యేట గర్వముతో ఇల్లు చేరెను. తండ్రి ఉద్దాలకుడు అతడు చదివిన గ్రంథములను లెక్కింపలేదు. దేనిని తెలిసికొనిన సర్వమును తెలియునో దానిని గురువు నడిగితివా అని ప్రశ్నించెను. కుమారుడు ఎరుగననగా, నీటిలో కరగిన ఉప్పును రుచి చూపి తానే బోధించెను.

అక్షరము రాని తల్లి ఇట్టి పరీక్ష చేయగలదా? చేయగలదు. బిడ్డ నేర్చినది ఇంటి మాటలో చెప్పగలుగుచున్నాడా, తెలియనిది తెలియదనుటకు జంకుచున్నాడా, తోటివానిని చులకన చేయుచున్నాడా అని చూచుటకు చదువు అక్కరలేదు. ఇంటి మాట విలువ నెరిగియే, 1943లో ఈ సీమలోని మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైనది. గోండీలో వాచకములు వెలువడినవి.

2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘములలో నాలుగింట మూడు వంతుల స్థానములను తల్లిదండ్రులకే యిచ్చినది. ఆ పీటపై కూర్చుండువారు గోడల రంగు చూచి లేవరాదు. నీటిలో ఉప్పువలె చదువు బిడ్డ నడవడిలో కరగినదో లేదో రుచి చూచి చెప్పవలసినవారు వారే.