“పిలకాయ మంచోడే గానీ...”

 

కార్వేటినగరంలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక ఒక పెద్దాయన మా పక్కన వచ్చి కూర్చున్నారు. ముందుగా తన గోడు చెప్పుకున్నారు. కొడుక్కి తిరుపతిలో ఉద్యోగం దొరికింది. అద్దె ఇల్లు వెతకడానికి తండ్రీ కొడుకులిద్దరూ వెళ్ళారు. ఒకచోట ఇంటివారు ఆదరంగా లోపలికి పిలిచి గదులు చూపించారు, అద్దె చెప్పారు, అడ్వాన్సు చెప్పారు. చివరగా పేరు అడిగారు. పేరు విన్నాక, తమ బంధువులకు ఇస్తామని ముందే మాట ఇచ్చామని, ఆ సంగతి మరిచిపోయామని అన్నారు. అలా మూడు ఇళ్ళ దగ్గర జరిగిందట. “మేమేం పాపం చేసినాం హజ్రత్? మనిషిని చూసి ఇస్తామన్నోళ్ళు పేరు విని కాదన్నారే!” అంటూ ఆయన కళ్ళు తుడుచుకున్నారు. మాకూ మనసు కలుక్కుమంది.

తర్వాత వచ్చిన పని చెప్పారు. కూతురికి సంబంధం వచ్చింది. అబ్బాయి ఐదు పూటలా నమాజు చేస్తాడు. చెడు అలవాట్లు లేవు. పుత్తూరులో సొంత మెకానిక్ షెడ్డు ఉంది. కట్నం మాటే ఎత్తలేదు. మరి ఆలస్యమెందుకని అడిగాం. ఆయన గొంతు తగ్గించారు. “పిలకాయ మంచోడే గానీ హజ్రత్, వాళ్ళు దూదేకులోళ్ళు.”

సోదరులారా! పావుగంట క్రితం తన పేరును బట్టి తనను కాదన్నారని ఏడ్చిన మనిషే ఈయన. ఆ తండ్రిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మా సంగతీ చెబుతాం. మదరసాలో చదివే రోజుల్లో దూదేకుల ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలుండేవారు. ఇంట్లో తెలుగే మాట్లాడేవారు కాబట్టి వాళ్ళ ఉర్దూలో తెలుగు యాస ఉండేది. వాళ్ళు పాఠం చదువుతుంటే మేము నవ్వేవాళ్ళం. వారిలో ఒకతను మాకంటే ముందే హిఫ్జ్ పూర్తి చేశాడు. అప్పుడైనా మేము సిగ్గుపడి ఉండాల్సింది. పడలేదు. ఉర్దూ వచ్చినంత మాత్రాన దీను మన సొంత ఆస్తి అయిపోతుందా? ఈ పత్రిక మీరు తెలుగులోనే కదా చదువుతున్నారు!

ద్వేషం నిండిన దుర్మార్గులే మనుషుల మధ్య తేడా చూస్తారని మనం అనుకుంటాం. నిజానికి ఈ జబ్బుకు ద్వేషం కూడా అక్కర్లేదు. హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు. పోలండులో పుట్టిన యూదుడు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు ఆయన కుటుంబాన్ని చంపేశారు. మామూలు మనుషులు ఇంత ఘోరానికి ఎలా ఒడిగడతారన్న ప్రశ్న ఆయనను వదల్లేదు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో బడిపిల్లల మీద ఆయన చేసిన ప్రయోగాలు 1970, 71లలో వెలువడ్డాయి. మీకు ఫలానా చిత్రకారుడి బొమ్మలు నచ్చాయి, వీళ్ళకు ఇంకొకరివి నచ్చాయి అని చెప్పి పిల్లలను రెండు జట్లు చేశారు. నిజానికి ఎవరిని ఏ జట్టులో వేసిందీ ఇష్టాన్ని బట్టి కాదు, ఊరికే తోచినట్టు వేశారు. తర్వాత కొంత డబ్బు పంచమన్నారు. పుచ్చుకునేవాళ్ళ పేరు, ముఖం ఏవీ తెలియవు. జట్టు ఒక్కటే తెలుసు. ఆ కాస్త తేడాకే పిల్లలు తమ జట్టువైపు మొగ్గారు. వింతేమిటంటే, తమవాళ్ళకు వచ్చేది కాస్త తగ్గినా సరే, అవతలివాళ్ళకంటే ఎక్కువగా ఉండాలని చూశారు! ఏ పాత పగా లేదు. “మనవాళ్ళు” అన్న ఒక్క మాట చాలింది.

ఒకసారి ఆ మాట మనసులో నాటుకుంటే, కళ్ళు కూడా దానికి తగ్గట్టే చూస్తాయి. సయ్యదుల కుర్రాడు నమాజు ఎగ్గొడితే “వాడి బుద్ధి అంత” అంటాం. దూదేకుల కుర్రాడు ఎగ్గొడితే “వాళ్ళంతా ఇంతే” అంటాం. తప్పు ఒక్కటే. ఒకచోట అది ఒక మనిషిది, ఇంకొకచోట మొత్తం కులానిది. బయటివాళ్ళు మనల్ని కొలిచేదీ ఈ తక్కెడతోనే. ఎక్కడో ఒకడు తప్పు చేస్తే కార్వేటినగరంలో చెప్పులు కుట్టుకునే సాయిబు కూడా జవాబు చెప్పుకోవాలా అని మనం వాపోతాం. న్యాయమైన ఆవేదనే. మన ఇంట్లో మాత్రం అదే తక్కెడ వేలాడుతోంది.

2007లో మన రాష్ట్రంలో ముస్లిముల్లోని వెనుకబడిన తరగతులకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ చట్టం వచ్చింది. ఆ జాబితాను ఎప్పుడైనా నిదానంగా చదివారా? అచ్చుకట్లవాళ్ళు, అత్తరు సాయిబులు, ధోబీ ముస్లిములు, ఫకీర్లు, గారడీ ముస్లిములు, హజాములు, ఖురేషీ కసాబులు, సిద్దీలు... సయ్యద్, మొఘల్, పఠాన్ వంటివారిని అందులోంచి మినహాయించారు. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ పేర్లయితే బి.సి.-బిలో ఎప్పటినుంచో ఉన్నాయి. సర్కారు ఈ పేర్లను కొత్తగా పుట్టించలేదు. మన మధ్య ఉన్నవే రాసుకుంది. హక్కు కోసం ఆ కాగితం తీసుకోవడంలో తప్పు లేదు. కానీ మనం ఒకరినొకరు ఏమని పిలుచుకుంటున్నామో చూపే అద్దం కూడా అదే. దూది ఏకినవాళ్ళు తక్కువా? వారి తాతలు ఏకిన పరుపుల మీదే కదా మన తాతలు నిద్రపోయారు!

మదీనాలో అబూహింద్ (రజి) అనే సహాబీ ఉండేవారు. బనూ బయాదా తెగవారి దగ్గర బానిసగా ఉండి విముక్తి పొందినవారు. ఒంట్లోంచి చెడురక్తం తీసే హిజామా పని చేసేవారు. అరబీలో ఆ పనివాణ్ణి “హజ్జామ్” అంటారు. ఇప్పుడే జాబితాలో చూసిన మాట! దైవప్రవక్త (స) బనూ బయాదా వారిని పిలిచి, అబూహింద్‌తో వియ్యమందుకోండి, మీ పిల్లనివ్వండి అని ఆజ్ఞాపించారు. ఒకప్పటి మా బానిసలకు మా ఆడపిల్లలనివ్వాలా అని వారు తటపటాయించారని, సూరె హుజురాత్ 13వ ఆయతు ఆ సందర్భంలోనే అవతరించిందని కొన్ని ఉల్లేఖనాల్లో ఉంది. మనుషులందరూ ఒకే స్త్రీపురుషుల సంతానమని, జాతులూ తెగలూ పరస్పరం గుర్తుపట్టుకోవడానికేనని, అల్లాహ్ వద్ద గౌరవం తఖ్వాను బట్టేనని ఆ ఆయతు బోధ. నికాహ్ సభల్లో తఖ్వా గురించి వింటాం. సంబంధాలు చూసేటప్పుడు మాత్రం దాన్ని గుమ్మం బయటే ఆపేస్తాం.

ఇక్కడ “కుఫూ” మాట ఎత్తేవారుంటారు. నిజమే, మన హనఫీ ఫిఖహ్ గ్రంథాల్లో వంశం, వృత్తి కూడా లెక్కలోకి వస్తాయి. దాచాల్సిన పని లేదు. అయితే అది అమ్మాయికీ, ఆమె వలీకీ ఇచ్చిన హక్కు. వాళ్ళు వదులుకుంటే నికాహ్‌కు ఏ లోపమూ రాదు. ఇమామ్ మాలిక్ (రహ్మ) ప్రధానంగా దీనునే చూశారు. హనఫీ పండితుల్లోనే ఇమామ్ కర్ఖీ (రహ్మ) ఈ షరతును ఒప్పుకోలేదు. అవతలివారిని నీచులనడానికి మాత్రం అది అనుమతి కాదు. ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) ఖురైషు స్త్రీ. విముక్త బానిస కుమారుడైన ఉసామా (రజి)ను చేసుకోమని ప్రవక్త (స) ఆమెకు సలహా ఇచ్చారు. మొదట ఆమెకు మనసు ఒప్పలేదు. తర్వాత ఆ కాపురంలో అల్లాహ్ ఎంతో మేలు ఉంచాడని ఆవిడే చెప్పారు. సహీహ్ ముస్లింలో ఉన్న సంగతి ఇది.

అమ్మలకు ఒక మాట. మీ ఇంటి పెరట్లో పని చేయడానికి వచ్చే హరిజనవాడ మనిషికి టీ ఏ గ్లాసులో ఇస్తున్నారు? ఆ గ్లాసు ఎక్కడ బోర్లిస్తున్నారు? పిల్లలు మన మాటలకంటే ముందు ఆ గ్లాసును చూసి నేర్చుకుంటారు. హజ్రత్ అబూజర్ (రజి) ఒకతన్ని తల్లి పేరెత్తి ఎగతాళి చేసినప్పుడు, నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలే ఉందని ప్రవక్త (స) మందలించారు. మీ చేతికింద పనిచేసేవారికి మీరు తినేదే పెట్టండి, మీరు కట్టేదే కట్టబెట్టండి అన్నారు. అబూజర్ (రజి) అంతటివారిలోనే మిగిలి ఉన్నప్పుడు మనలో లేదని ఏ ధైర్యంతో అనగలం?

ఆ పెద్దాయనకు ఇదంతా మేము ఏకరువు పెట్టలేదు. అబూహింద్ (రజి) సంగతి ఒక్కటే చెప్పాం. చాలాసేపు చాప అంచు సవరిస్తూ కూర్చున్నారు. “అమ్మాయిని అడిగినారా?” అన్నాం. అడగలేదట. ముందు ఆ బిడ్డను అడగమన్నాం. సరేనని లేచి వెళ్ళారు. జవాబు ఇంకా రాలేదు. వారి కోసం దుఆ చేయండి.