పొగకు వెల కట్టవచ్చునా?

ఒకడు తన చేనిలోని ముండ్లకంపకు నిప్పు పెట్టెను. ఆ నిప్పు గట్టు దాటి పొరుగువాని కుప్పను కాల్చెను. అట్టి సందర్భమున నిప్పు పెట్టినవాడే నష్టపరిహారము చెల్లింపవలెనని మోషే ధర్మశాస్త్రము విధించినది (నిర్గమ. 22:6). అతడు కీడు తలపెట్టెనా లేదా అని ఆ శాస్త్రము విచారింపదు. నిప్పు అతనిది, కుప్ప పొరుగువానిది, నడుమనున్న గట్టు దాటబడినది. న్యాయాధిపతికి ఈ మూడు సంగతులు చాలును.

మన కాలపు నగరములలో నిప్పు బాయిలరు క్రిందనే అణగియుండును. గట్టు దాటునది పొగ. అది ఎవరి కుప్పను కాల్చెనో కంటికి కనబడదు. వందల పొగగొట్టముల నుండి లేచిన పొగ ఒక్కటిగా కలిసి లక్షలమంది ఊపిరితిత్తులలో చొరబడునప్పుడు, ఏ మిల్లు ఏ బిడ్డకు ఎంత బాకీపడెనో ఎవరు లెక్కింపగలరు? ఈ లెక్క తేల్చుటకు గుజరాతు రాష్ట్రమందలి సూరత్ నగరములో 2019లో ఒక క్రొత్త ప్రయత్నము ఆరంభమైనది. అక్కడ పొగకు వెల కట్టిరి. పొగ విడుచుటకు ఇచ్చు అనుమతిని బజారులో పెట్టిరి. క్రైస్తవుడు దీనిని గూర్చి ఏమి తలంపవలెను?

సూరత్ మనకు కేవలము పరాయి ఊరు కాదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చి తెలుగు బైబిలు అనువాదమునకు పూనుకొనిన లండన్ మిషనరీ సొసైటీవారే, 1815లో సూరత్ చేరి గుజరాతీ బైబిలు పనిని చేపట్టిరి. స్కిన్నర్, ఫైవీ అను సేవకులు అక్కడనే ఆ అనువాదమునకై శ్రమించిరి. తరువాతి కాలమున కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నుండి నేతకుటుంబములు అనేకము వలసపోయి, ఆ ఊరి మరమగ్గముల యొద్ద బ్రతుకు తెరువు వెదకుకొనినవి. లింబాయత్ వంటి పేటలలో తెలుగు మాట వినబడును. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమపు ప్రాథమిక పాఠశాలలను సైతము నడుపుచు వచ్చినది.

అంతేకాదు. మన ఇండ్లలో స్త్రీలు కట్టు సింథటిక్ చీరలలో ఎన్నియో సూరత్ మగ్గములపై పుట్టి, సూరత్ డైయింగు మిల్లులలో రంగు పట్టించుకొని వచ్చినవే. రంగు బట్టకు పట్టుటకు ఆవిరి కావలెను. ఆవిరికి బాయిలరు కావలెను. బాయిలరుకు బొగ్గో లిగ్నైటో కావలెను. కనుక మన బీరువాలోని చీరకును ఆ ఊరి పొగకును సంబంధము కలదు.

ఆ నగరము తన మురికిని ఎదుర్కొనుట నేర్చినదే. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు చెలరేగగా, కొద్ది దినములలోనే లక్షలాది జనులు రైళ్లెక్కి ఊరు విడిచిరి. ఆ అవమానము తరువాత వీధులు ఊడ్చుటయు, చెత్త ఎత్తుటయు, మురుగును శుద్ధిచేయుటయు నగరపాలనలో ముఖ్యకార్యములాయెను. 2003లో అంజనా మురుగుశుద్ధి కేంద్రమునందు, మురుగు నుండి పుట్టు వాయువుతో అర మెగావాటు విద్యుత్తు తీయు యంత్రమును నెలకొల్పిరి. తరువాత ఇతర కేంద్రములకును ఆ పద్ధతి విస్తరించెను. 2014 నుండి బమ్రోలిలో మురుగునీటిని మరల మరల శుద్ధిచేసి పాండేసరా మిల్లులకు అమ్మసాగిరి. అంతమేరకు మంచినీరు మిగిలెను. 2023 స్వచ్ఛ సర్వేక్షణలో సూరత్ ఇందోరుతో కలిసి దేశమున ప్రథమస్థానము పొందెను. పారవేసినదానిలో నుండి వెలుగును తీయుట మెచ్చదగిన పని. దానిని మెచ్చుకొనుటకు సంఘము సంకోచింపనక్కరలేదు.

అయితే మురుగు కాలువలో పారును గనుక నగరము దానిని ఒకచోటికి చేర్చగలదు. పొగకు కాలువ లేదు. దానిని పుట్టినచోటనే పట్టవలెను. పట్టవలసినవాడు మిల్లు యజమాని. 1981 నాటి వాయుకాలుష్య నివారణ చట్టము ప్రకారము పొగగొట్టములకు హద్దులు నిర్ణయించిరి. అతిక్రమించినవానికి చెరసాల, మిల్లు మూసివేత వంటి కఠినశిక్షలు వ్రాయబడినవి. అవి అంత కఠినములు గనుకనే చిన్న అతిక్రమమునకు వాటిని ప్రయోగించుట అరుదాయెను. అధికారి వచ్చి పరీక్షించిన దినమున లెక్క యుండెను. మిగిలిన దినములకు సాక్షి లేకపోయెను.

గుజరాతు కాలుష్య నియంత్రణ మండలి 2019లో ప్రారంభించిన పద్ధతి ఇది. మొదట ప్రతి పొగగొట్టమునకు ఎడతెగక కొలుచు యంత్రమును అమర్చిరి. తరువాత మిల్లులన్నియు కలిసి ఒక గడువులో ఇన్ని టన్నుల ధూళిని మించి విడువరాదని మొత్తమునకు ఒక హద్దు పెట్టిరి. ఆ హద్దును కిలోల లెక్కన పర్మిట్లుగా విభజించి, ఎక్కువభాగము ఉచితముగా పంచి, కొంతభాగము వేలము వేసిరి. తన పొగను బాగుగా వడగట్టిన మిల్లు మిగిలిన పర్మిట్లను అమ్ముకొనవచ్చును. వడగట్టుట భారమైన మిల్లు వాటిని కొనవచ్చును. గడువు ముగియునప్పటికి ఎంత ధూళి విడిచెనో అన్ని పర్మిట్లు చేతిలో లేనివాడు ముందుగా కట్టిన ధరావతులో నుండి సొమ్ము పోగొట్టుకొనును. ధూళికణములకు ఇట్టి విపణి లోకములో ఇదే మొదటిది.

దీనిని పరిశోధించినవారు గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, రయాన్, అనంత్ సుదర్శన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు. మూడు వందలకు పైగా మిల్లులను తీసికొని, చీట్లు వేసినట్లుగా సుమారు సగము మిల్లులను విపణిలో చేర్చి, మిగిలినవాటిని పాత పద్ధతిలోనే యుంచి పోల్చి చూచిరి. విపణిలో చేరిన మిల్లులు విడుచు ధూళి 20 నుండి 30 శాతము తగ్గెనని, తగ్గించుటకైన ఖర్చు కూడ స్వల్పమయ్యెనని, దాదాపు అందరును తమ లెక్కను సరిపెట్టుకొనిరని 2025లో ప్రకటించిరి.

ఫలితము మంచిదే. అయినను ప్రొటెస్టెంటు విశ్వాసి మనస్సు ఇక్కడ ఉలికిపడును. తప్పు చేయుటకు అనుమతిపత్రము కొనుటయా? ఇది మనము ఎరిగిన కథవలె నున్నది. 1517లో జర్మనీ దేశమున టెట్జెల్ పాపపరిహార పత్రములను అమ్ముచు తిరుగగా లూథరు ఎదిరించెను. రోములోని పేతురు దేవాలయ నిర్మాణమునకును, ఒక ఆర్చిబిషప్పు చేసిన అప్పు తీర్చుటకును ఆ సొమ్ము పోయెను. పత్రము చేతబట్టినవాడు నిశ్చింతగా ఇంటికి పోయెను. మన సంఘముల చరిత్ర ఆ నిశ్చింతకు చెప్పిన అభ్యంతరముతోనే ఆరంభమైనది.

ఈ కాలపు తత్త్వవేత్తలలోను ఇట్టి అభ్యంతరము చెప్పినవారు కలరు. అమెరికాకు చెందిన మైకేల్ సాండెల్ 1997లో, కాలుష్యపు హక్కును కొనుట అనైతికమని వాదించెను. జరిమానాకును రుసుముకును భేదము కలదని ఆయన భావము. జరిమానా కట్టువాడు తప్పు చేసితినని ఒప్పుకొనును. రుసుము కట్టువాడు సరకు కొనుక్కొని పోవును. జరిమానాను రుసుముగా మార్చినప్పుడు సిగ్గు తొలగిపోవును. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు.

అయినను పోలికను చివరివరకు పరీక్షించినయెడల రెండు భేదములు కనబడును. మొదటిది, హద్దు. పరిశుద్ధుల పుణ్యనిధి తరుగనిదని బోధించిరి గనుక పత్రములను ఎన్నియైనను అచ్చువేయవచ్చును. సూరత్ పర్మిట్లు ఎన్నియైనను అచ్చువేయుటకు వీలులేదు. ఒకడు ఎక్కువ పొగ విడుచుటకు కొనినయెడల, మరియొకడు అంతమేరకు తగ్గించియే యుండవలెను. గాలి తరుగని నిధి కాదని ఆ పద్ధతి ఒప్పుకొనుచున్నది. రెండవది, కొలత. టెట్జెల్ అమ్మినదానిని కొలుచు త్రాసు భూమిమీద లేదు. ఇక్కడ కొలతయే పునాది. తూనికలలోను కొలతలలోను న్యాయము నుండవలెనని లేవీయకాండము 19వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. పొగగొట్టమునకు అమర్చిన యంత్రము నమ్మకముగా పనిచేసినయెడల అదియు ఆ ఆజ్ఞకు లోబడిన త్రాసే. దానిని తారుమారు చేయువాడు అంగడిలో దొంగరాళ్లు వాడిన వర్తకుని వంటివాడే.

కనుక నగరము పొగకు వెల కట్టుట పాపమని నేను చెప్పజాలను. పడిపోయిన లోకములో పొరుగువాని ఊపిరిని కాపాడుటకు ప్రభుత్వము వాడదగిన సాధనములలో ఇది యొకటి. చట్టపుస్తకములో ఘోరశిక్ష వ్రాసి, వీధిలో పొగను యథేచ్ఛగా విడువనిచ్చుట కంటె, చిన్న వెలను ఖండితముగా వసూలు చేయుట పొరుగువానికి మేలు. మన నేతకార్మికుని బిడ్డకు కావలసినది యజమాని సిగ్గుపడుట మాత్రమే కాదు. శుభ్రమైన గాలియు కావలెను.

అయితే ఆ రసీదు చేయలేని పని యొకటి కలదు. అది మనుష్యుని నీతిమంతునిగా తీర్చజాలదు. మత్తయి 4:17లో ప్రభువు పలికిన మొదటి పిలుపును లాటిను బైబిలు ప్రాయశ్చిత్తము చేయుడను అర్థము ధ్వనించునట్లు అనువదించెను. 1516లో ఎరాస్మస్ గ్రీకు నూతన నిబంధనను అచ్చువేసిన తరువాత, ఆ మాట ఒక క్రియాకలాపమును గాక అంతరంగము తిరుగుటను సూచించుచున్నదని అనేకులు గ్రహించిరి. మన తెలుగు బైబిలులోని మారుమనస్సు అను మాట ఆ భావమును చక్కగా పట్టుకొనినది. చెల్లింపు వేరు, మనస్సు మారుట వేరు.

అట్లని చెల్లింపు నిరర్థకమా? జక్కయ్యను చూడుడి (లూకా 19:1–10). అతడును సొమ్ము తీసెను. అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు లెక్కగట్టెను. టెట్జెల్ పెట్టెలో పడినదియు నాణెమే, జక్కయ్య సంచిలో నుండి వచ్చినదియు నాణెమే. మొదటి నాణెము లెక్కను మూసివేసెను; రెండవది లెక్కను తెరచెను. పత్రము కొనినవాడు ఇక నాకు బాకీ లేదనుకొనెను. జక్కయ్య తాను ఎవరికి బాకీపడెనో వారిని వెదకి చెల్లింప బూనుకొనెను. పర్మిట్టు కొనిన యజమాని ఈ ఇద్దరిలో ఎవనిని పోలియున్నాడో అతని మనస్సాక్షి చెప్పవలెను. ఈ సంవత్సరము కొని, వచ్చు సంవత్సరము కొననవసరము లేకుండ తన బాయిలరును బాగుచేయుటకు పూనుకొనినవాడు జక్కయ్య త్రోవలో నున్నాడు. ప్రతి సంవత్సరము కొని, నిద్రపోవువాడు ఆ త్రోవలో లేడు.

మరియొక సంగతి. విపణిలో కొనువాడును అమ్మువాడును మిల్లు యజమానులే. ఊపిరి పీల్చువానికి ఆ బజారులో చోటు లేదు. అతని మేలు అంతయు ఒక్క ప్రశ్నమీద ఆధారపడియున్నది: ఆ హద్దును ఎక్కడ పెట్టిరి? హద్దును వదులుగా పెట్టినయెడల ఎంత చక్కని విపణియైనను అన్యాయమును క్రమముగా నడుపు యంత్రమగును. సూరత్‌లో హద్దును తరువాత తగ్గించిరి. అది మంచి గురుతు. క్రొత్త ఇల్లు కట్టువాడు పైకప్పుకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22:8 చెప్పుచున్నది. పిట్టగోడ ఖర్చు ఇంటివానిది. దానివలన బ్రతుకువాడు పొరుగువాడు. ఆ గోడ ఎత్తు ఇంటివాని సౌకర్యమును బట్టి గాక, పడబోవువాని ప్రాణమును బట్టి నిర్ణయింపవలెను. ధూళి హద్దును తగ్గింపుడని అడుగుట రాజకీయములలో జోక్యము కాదు. పిట్టగోడను గూర్చి మాటలాడుటయే.

ప్రియ చదువరులారా, ఈ మాటలన్నియు మిల్లు యజమానులకే చెల్లునని తలంపవద్దు. చవుకగా చీర కొనిన మనము, ఆ చవుకలో కొంతభాగము ఎవరి ఊపిరి నుండి తీసిరో అడిగితిమా? సువార్త కూటములలో మనము నడుపు డీజిలు జనరేటరు పొగ ఏ గుడిసెలవైపు పోవుచున్నదో చూచితిమా? ఆలయపు కప్పుమీద సూర్యరశ్మితో విద్యుత్తునిచ్చు పలకలు పెట్టించుట మంచిదే. కాని వాటిని చూపి మిగిలిన దుబారాను సమర్థించుకొనినయెడల అవియు టెట్జెల్ పత్రములే యగును. పచ్చని పనులు మన పాపమునకు వెల కావు. క్రీస్తు మన వెల చెల్లించెను గనుకనే, వెల కోసము గాక కృతజ్ఞతతో వాటిని చేయుదము.

సృష్టి యంతయు మూలుగుచున్నదని అపొస్తలుడైన పౌలు రోమా సంఘమునకు వ్రాసెను. ఆ మూలుగును కొలుచుటకు నగరములు యంత్రములు అమర్చుచున్నవి. అమర్చనిండు, దేవునికి స్తోత్రము. ఆ మూలుగును వినుట మాత్రము యంత్రమునకు అప్పగింపదగిన పని కాదు. ఆ చెవిని ప్రభువు తన సంఘమునకు అనుగ్రహించును గాక.