ఇల్లు పోయాక మిగిలిన బాకీ

ఇల్లు వేలంలో పోయిన ఏడు నెలలకి మా పిన్నికి మళ్లీ నోటీసు వచ్చింది. అమ్మగా వచ్చిన డబ్బు అప్పుకి చాలలేదు, తక్కింది కట్టమని. "ఇల్లే తీసేసుకున్నారు కదే, ఇంకా ఏం కట్టాలి?" అని ఫోన్ చేసి అడిగింది. పీహెచ్‌డీ చేశాను కాబట్టి నాకన్నీ తెలుసని ఆవిడ నమ్మకం.

నాకూ తెలీదు. చదివి తెలుసుకున్నాను. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం, తాకట్టు ఆస్తి అమ్మినా తీరని బాకీ కోసం బ్యాంకు రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కో కోర్టుకో వెళ్లొచ్చు. హామీ ఉన్నవాళ్ల బాధ్యత అప్పు తీసుకున్నవాళ్లతో సమానమన్న మాట 1872 కాంట్రాక్టు చట్టం నుంచీ ఉంది. ఇల్లు బాబాయి పేరున ఉండేది. వ్యాపారం కోసం తాకట్టు పెట్టిందీ ఆయనే. పిన్ని టీచరు కాబట్టి జీతం కాగితం జతచేసి హామీ సంతకం పెట్టించారు. ఆ గోడలకి ఏ రంగు వేయాలో కూడా ఆవిణ్ణి ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

అప్పు తీర్చడం ధర్మమే. పిన్ని కూడా "తీసుకున్నాం, తీర్చొద్దూ" అంటుంది. ఆ బహువచనం దగ్గరే నా పేచీ. పెట్టనని చెప్పి ఆవిడ ఆ ఇంట్లో కాపురం చేయగలిగేదా? అయితే ఈ వాదన నన్నే ఇబ్బంది పెడుతోంది. ఒత్తిడితో పెట్టింది కాబట్టి భార్య సంతకం చెల్లదంటే, రేపు ఏ ఆడమనిషి సంతకానికి విలువుంటుంది? మనం మైనర్లమని మనమే ఒప్పుకున్నట్టు కాదా? అందుకే నేను సంతకాన్ని వదిలి నష్టం గురించి అడుగుతాను. ఇంటికి విలువ కట్టించి అప్పిచ్చింది బ్యాంకు. ఆ అంచనా తప్పితే తప్పంతా పిన్నిదెలా అయింది? ఉండటానికి ఇల్లు కొనుక్కున్న అప్పుల్లో మిగతా బాకీ వసూలు చేయనివ్వని చట్టం కాలిఫోర్నియాలో 1933 నుంచీ ఉంది. (బాబాయిది వ్యాపారం అప్పు. ఆ చట్టమూ పిన్నిని ఆదుకునేది కాదు.)

తీర్పు వచ్చాక కూడా జప్తు చేయకూడనివేవో 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతుంది. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, మతాచారం ప్రకారం స్త్రీ తీయకూడని ఆభరణాలు. అంటే తాళి. జీతంలో మాత్రం వెయ్యి రూపాయలూ, ఆపైన మూడింట రెండు వంతులూ వదిలి తక్కింది తీసుకోవచ్చు. ఆవిణ్ణి ఇల్లాలిగా ఉంచేవన్నీ భద్రం. సొంతంగా సంపాదించుకున్నదానికే ఆ భరోసా లేదు.

ఈ జాబితా చదివి వినిపిస్తే పిన్ని నవ్వింది. "తాళి ఎప్పుడో కుదువపెట్టాం, వడ్డీ కట్టడానికి. మెళ్లో ఉన్నది పసుపుకొమ్ము" అంది. వాయిదా సోమవారమట. సెలవు చీటీలో కారణం ఏం రాయమంటావు అని అడిగింది.