గొలుసు కాస్త పొట్టిగా

ఆదిత్యపూర్ నుంచి ఖర్కాయీ వంతెన దాటి వెళితే జంషెడ్‌పూర్ జూబిలీ పార్కు. టాటా స్టీల్ తన స్వర్ణోత్సవ కానుకగా 1958లో దాన్ని ఆ ఊరికిచ్చింది. తోట ఎంత పెద్దదైనా, పొద్దున్నే అందరికీ కావలసింది అక్కడి ఒక్క కాలిబాటే! కుక్కకు పరుగు కావాలి, మోకాళ్ల నొప్పుల పెద్దాయనకు బెదురు లేని నడక కావాలి. "మావాడు ఏమీ చెయ్యడండీ" అన్న మాట పెంచినవాళ్లకు ధైర్యమేమో గానీ, ఎదురొచ్చే పసివాడికి కాదు.

హైదరాబాద్ కొండాపూర్‌లో నగరపాలక సంస్థ 2018లో కుక్కల కోసమే 1.3 ఎకరాల పార్కు తెరిచింది. మంచిదే. ప్రతి పేటలోనూ అంత జాగా ఎక్కడిది? అందుకే కుక్కతో వచ్చే అన్నలూ, అక్కలూ, గొలుసు పొట్టిగా పట్టుకోండి. అది చేసిన మురికిని ఎత్తడానికి పాత పేపరో, సంచో తెచ్చుకోండి. నడిచేవాళ్లూ, కుక్కను చూడగానే రాయి తీయకండి.