రెండు వేళ్ల లెక్క

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు ఉండేది. సీజనులో ఆ వరుసలోకి అడుగుపెడితే సరుకు కంటికి కనపడకముందే ముక్కుకు తెలుస్తుంది. కొత్తవాళ్లు తుమ్ముతారు, అలవాటైనవాళ్లు తువ్వాలు మూతికి అడ్డం కట్టుకుని పని చేసుకుంటారు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, గుట్టలుగా దిగుతుంటాయి. హమాలీల కేకలు, కాటాల చప్పుడు, వాటి మధ్య తన సరుకు పక్కనే కూర్చుని ధర కోసం ఎదురుచూసే రైతు.

ఆ కొట్టులో ఒక పెద్ద గుమాస్తా. చిట్టా రాయడంతో పనిలో చేరి, ఆవర్జా దాకా ఎదిగినవాడు. కంప్యూటరు వచ్చినప్పుడు మొహం తిప్పుకోలేదు. షావుకారు కొనిచ్చిన యంత్రం మీద షీటు వేయడం యాభై దాటాక నేర్చుకున్నాడు. కానీ ఒక్క అలవాటు మాత్రం వదల్లేదు. సాయంత్రం లెక్క ముగించేముందు ఎడమ చూపుడువేలు రైతు పేరు మీద, కుడి చూపుడువేలు ఆ రైతుకు రావలసిన మొత్తం మీద పెట్టి, ఒక్కో వరుస పెదవులు కదిలిస్తూ చదివేవాడు. రెండు వేళ్లూ కలిసే కిందికి దిగాలి. ఏ ఒక్కటి ముందు దిగినా మళ్లీ మొదటి పేరు నుంచి.

షావుకారి మేనల్లుడు బీకాం పూర్తిచేసి కొట్టులో చేరాడు. చురుకైన పిల్లాడు. మొదటి నెల జీతంతో ఒక ట్యాబ్ కొన్నాడు. దాంతో కొట్టు పనికి నిజంగానే కాళ్లొచ్చాయి. అంతకుముందు కాటా దగ్గర చీటీ మీద రాసుకుని, కొట్టుకొచ్చి చూసి ఎక్కించేవాళ్లు. ఇప్పుడు కాటా పక్కనే నిలబడి బరువు షీటులో కొట్టేస్తున్నాడు. కాటా చీటీ ఫొటో తీసి కొన్నవాళ్లకు అక్కడినుంచే మెయిల్ పెడుతున్నాడు. చెన్నై నుంచి "లాట్ ఎంత తూగింది?" అని మెయిల్ వస్తే ఐదు నిమిషాల్లో జవాబు వెళుతోంది. పెద్ద గుమాస్తా అది చూసి మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు.

"నేను నీ వయసులో ఉండగా ఇది దొరికుంటే రోజుకు ఇరవైసార్లు కాటాకీ కొట్టుకీ తిరిగే పని తప్పేదిరా అబ్బాయ్" అన్నాడు.

ఒకరోజు 41 మంది రైతుల సరుకు అమ్ముడైంది. ఎవరెవరి ఖాతాలో ఎంత వేయాలో జాబితా తయారుచేసి బ్యాంకుకు మెయిల్ చేయాలి. జాబితా కంప్యూటరులోనే తయారైంది. ఎడమ చివర పేరు. ఆ తర్వాత ఊరు, లాట్ నంబరు, టిక్కీలు, బరువు, ధర, బ్యాంకు, ఖాతా నంబరు. అన్నీ దాటాక కుడి చివర మొత్తం. సరుకు దిగిన వరుసలోనే పేర్లున్నాయి. పంపడం ఒక్కటే మిగిలింది. ఆ రాత్రి తెనాలిలో పెళ్లి ఉందని కుర్రాడు బయల్దేరాడు. అక్కడినుంచే పంపుతానన్నాడు.

పెళ్లి పందిట్లో ఉండగా షావుకారి ఫోను.

"పెద్ద మొత్తాలు ఏవేవో చదువురా. రేపటికి ఖాతాలో పైకం చాలుతుందో లేదో చూసుకోవాలి."

"ఒక్క నిమిషం మావయ్యా."

మేళం మోగుతోంది. కుర్రాడు ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని షీటు తెరిచాడు. అంకెలు కనపడేంత పెద్దవి చేసేసరికి మొత్తాల కాలమూ దాని పక్కన ఇంకో రెండూ మాత్రమే తెరమీద మిగిలాయి. పేర్లు ఎడమవైపు తెర దాటి వెళ్లిపోయాయి. మొత్తాల మీద పైనుంచి కిందికి వేలు లాగి, పెద్దది ముందు వచ్చేలా సార్ట్ కొట్టాడు. అంకెలన్నీ చక్కగా సర్దుకున్నాయి. పై పది చదివి వినిపించాడు.

"టోటలెంత?"

"అరవై రెండు లక్షల ముప్పై ఏడు వేలు. సాయంత్రం గుమాస్తా బాబాయ్ చెప్పిందే, పైసా తేడా లేదు."

"అయితే పంపించెయ్."

పంపించేశాడు. వేలితో ఒక్క నొక్కు.

అతను సర్దింది మొత్తాల కాలమ్ ఒక్కదాన్నే. పేర్లు, ఖాతా నంబర్లు ఉన్నచోటే ఉండిపోయాయి. పొద్దున ముందుగా సరుకు దించిన రైతు పేరు పక్కన అందరికన్నా పెద్ద మొత్తం చేరింది, చివరగా దించిన రైతు పేరు పక్కన అందరికన్నా చిన్నది. ఎవరి డబ్బు ఎవరిదో తెలియకుండా కలిసిపోయినా టోటలు మాత్రం రూపాయి చెదరలేదు. షీటు దాన్ని తనంతట తానే సేవ్ కూడా చేసుకుంది.

తెల్లారి కొట్టు తెరిచేసరికి సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేసిన మనిషి. రాత్రి యార్డులోనే పడుకుంది.

"నాకెంత పడుద్ది బాబూ?"

కుర్రాడు ట్యాబ్ తీసి ఆమె పక్కనే కూర్చున్నాడు. అంతకుముందు ఏ కొట్టులోనూ ఏ గుమాస్తా ఆమె పక్కన కూర్చుని లెక్క చూపించింది లేదు. అతను పేరు వెతికాడు. మూడో వరుసలో దొరికింది. కుడివైపుకు జరిపి మొత్తం చదివాడు.

"నాలుగు లక్షల ఐదు వేలమ్మా."

ఆమె మాట్లాడలేదు. వేళ్లు మడుస్తూ లెక్క వేసుకుంది. మళ్లీ మొదటి వేలు నుంచి వేసుకుంది.

"నేను తెచ్చింది పన్నెండు టిక్కీలే బాబూ. ఐదు క్వింటాళ్ల నలభై కిలోలు తూగినయ్. క్వింటా పదిహేను వేలన్నారు. నాకు రావాల్సింది ఎనభై ఒక్క వేలు. కూలీ అదీ పోతే ఇంకా తగ్గుద్ది. ఈ నాలుగు లక్షలు ఎవరియ్యో చూడు. పాపం, ఎవరో ఎదురుచూస్తుంటారు."

పెద్ద గుమాస్తా లోపలినుంచి వచ్చాడు. ట్యాబ్ అందుకుని అలవాటు ప్రకారం ఎడమ వేలు ఆమె పేరు మీద పెట్టాడు. కుడి వేలు మొత్తం మీద పెట్టబోతే మొత్తం తెరమీద లేదు. జరిపితే పేరు పోయింది. మళ్లీ పేరు దగ్గరకు వస్తే వరుస తప్పింది. వేలు ఆన్చితే చాలు, కాగితమే కదిలిపోతోంది. మూడుసార్లు చూసి, ట్యాబ్ జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు.

"అబ్బాయ్, పట్టుకుంటే జారిపోయే కాగితం మీద నేను లెక్క తాళా చూడలేను. లోపలికి రా."

కంప్యూటరులో షీటు తెరిచి పక్కన ఆవర్జా పరిచారు. ఈ చివర పేరు, ఆ చివర మొత్తం, ఒకే చూపులో. 41 వరుసల్లో సరిగ్గా ఉన్నవి రెండే. ఆ రెండూ కూడా ఎలాగో కలిసొచ్చినవే. నాలుగు లక్షల ఐదు వేలు, 60 టిక్కీలు తెచ్చిన రైతువి. ఆయన ముందురోజు ఆలస్యంగా వచ్చాడు, కింద నుంచి మూడో పేరు. ఆయన పేరు పక్కన 54 వేలు ఉన్నాయి. ఆ వారంలో పురుగుమందుల కొట్టు బాకీ తీర్చాలని, లేకపోతే వచ్చే ఏడు అప్పు పుట్టదని ఆయన కాటా దగ్గర అందరితో చెప్పుకున్నవాడే.

కుర్రాడు స్కూటరు మీద బ్యాంకుకు పరుగెత్తాడు. ఇంకా తలుపులు తెరవలేదు. మెట్లమీదే నిలబడి, మొదట వచ్చిన అధికారిని పట్టుకుని జాబితా ఆపించాడు. మధ్యాహ్నానికి సరైన జాబితా వెళ్లింది. ముసలమ్మ ఖాతాలో ఆమె లెక్క వేసుకున్న డబ్బే, హమాలీ ఖర్చులు పోను, పడింది.

సాయంత్రం కుర్రాడు అడిగాడు.

"ఇక ట్యాబ్ మానేయమంటావా బాబాయ్?"

"ఎందుకు మానేస్తావు? నువ్వు దాన్ని పట్టుకుని ఆమె పక్కన కూర్చోబట్టేగా తప్పు దొరికింది. ఆవర్జా నేనెప్పుడైనా అరుగు మీదికి తీసుకెళ్లానా? మనిషి దగ్గరకు తీసుకెళ్లు, చూపించు, చదువు. దిద్దేటప్పుడు మాత్రం పేరు కనపడేచోట కూర్చుని దిద్దు."

నీతి: పేరు కనపడని చోట పైకం కదపరాదు.

ఈ కథకు నేను చెప్పే నీతి ఇదే. ట్యాబ్ మీద ఆఫీసు పని చేసే ప్రతి ఒక్కరికీ ఇది వర్తిస్తుందని నమ్ముతున్నాను. మెయిల్ చదవడానికి, రెండు మాటల జవాబివ్వడానికి, ఎదుటి మనిషికి అతని లెక్క చూపించడానికి ట్యాబ్‌ను మించింది లేదు. షీటుతో వచ్చిన చిక్కల్లా అది చాలా వెడల్పైన వస్తువు కావడం. పేరు ఒక చివర, డబ్బు ఇంకో చివర ఉంటాయి. పది అంగుళాల తెర వాటి మధ్య నుంచి ఒక ముక్క చూపిస్తుంది. ఆ ముక్కలో అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

చిన్న తెర బాధ ఈనాటిది కాదు. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ 1979లో వీసీకాల్క్ అనే, వ్యక్తిగత కంప్యూటర్ల మొదటి షీటును యాపిల్ 2 యంత్రం మీదికి తెచ్చారు. హార్వర్డులో చదువుకునే రోజుల్లో ఆచార్యుడు బోర్డు మీద పట్టిక వేసి, ఒక అంకె మారితే మిగతావన్నీ చెరిపి రాయడం చూసి బ్రిక్లిన్‌కు ఆ ఆలోచన పుట్టింది. ఆ యంత్రం తెర మీద వరుసకు పట్టేవి నలభై అక్షరాలే. బోర్డంత జాగా లేదు. అందుకే ఆ మొదటి షీటులోనే శీర్షికలను కదలకుండా బిగించే ఆదేశం ఒకటి పెట్టారు. ఇవాళ మనం ఫ్రీజ్ అంటున్నది దాని వారసత్వమే. పెద్ద గుమాస్తా ఎడమ వేలు చేసే పనినే అది చేస్తుంది. పేరు కాలమ్‌ను బిగించి ఉంటే తెనాలి పందిట్లో ఆ కుర్రాడికి పేర్లు తెరమీద కనపడుతూనే ఉండేవి. మొత్తాలు కదిలినా పేర్లు కదలకపోవడం కంటపడే అవకాశం ఉండేది.

ఇక ట్యాబ్‌ల సంగతికొస్తే, ఐప్యాడ్ 2010లో వచ్చింది. దానికోసం ఎక్సెల్ రావడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. ఐప్యాడ్‌కు మౌసు తగిలించి పూర్తిగా వాడుకునే వీలు 2020లో దొరికింది. ఇప్పటికీ కంప్యూటరులో రాసుకున్న మాక్రోలు ఐప్యాడ్‌లోని ఎక్సెల్‌లో నడవవు. ట్యాబ్‌కు కీబోర్డు తగిలిస్తే అంకెలు కొట్టడం సులువవుతుంది కానీ తెర వెడల్పు పెరగదు. మెయిల్‌లోంచి తెరిచిన ఫైలు చాలాసార్లు ఒక నకలు మాత్రమే. దాన్ని దిద్దితే అసలు అలాగే ఉండిపోతుంది. ఖాతా నంబర్లతో పని ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. నంబరును అంకెగా కొడితే ఎక్సెల్ ముందున్న సున్నాలను తీసేస్తుంది, పదిహేను అంకెలు దాటితే ఆపైవాటిని సున్నాలుగా మారుస్తుంది. ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చి పెట్టుకోవాలి.

కనపడనిది తప్పిపోతే చప్పుడు కాదు. 2020లో ఇంగ్లాండు ప్రజారోగ్య సంస్థ కరోనా పరీక్షల ఫలితాలను పాత ఎక్సెల్ పద్ధతి ఫైళ్లలోకి ఎక్కించింది. ఆ పద్ధతిలో షీటుకు పట్టేవి 65,536 వరుసలే. మిగతావి రాలిపోయాయి. దాదాపు 16,000 మంది వ్యాధిగ్రస్తుల వివరాలు రోజువారీ లెక్కల్లోకి రాలేదు, వాళ్లను కలిసినవాళ్లను హెచ్చరించడం ఆలస్యమైంది. అక్కడున్నవి పెద్ద కంప్యూటర్లే. అంటే తెర పెద్దదైనంత మాత్రాన సరిపోదు, ఒక్కో వరుస వెనుక ఒక మనిషి ఉన్నాడని చూసే కన్ను ఉండాలి. టోటలు చూసి తృప్తిపడే కన్నుకు ఆ మనిషి కనపడడు.

ఈ నెల జీతాల షీటో, కూలీల పట్టీయో, సంఘం చందాల జాబితానో మీ ట్యాబ్‌లో ఉంటే, పంపు మీట నొక్కకముందు దయచేసి ఒక్క పని చేయండి. జాబితాలో అందరికన్నా తక్కువ డబ్బు రావలసిన మనిషి పేరు వెతికి, ఆ వరుసను చివరిదాకా చదవండి.